సమజ్ పడ్డది, లేస్తలేదు

"పెద్దబాపూ, లావణ్యక్క గూడ కాలేజీల తప్పిందట గదా, మల్లెట్ల గట్టెక్కింది? నా క్లాసుల సగం మంది తప్పిన్రు. ఒక పిల్లయితే చదువే బంద్ జేస్తనంటుంది. జల్ది చెప్పు, పదకొండింటికి పాఠమున్నది నాకు."

తప్పిందని ఎవలు చెప్పిన్రు, మీ పెద్దమ్మనా? కూసో బిడ్డా. లెక్చరరువైనా మా తమ్ముని బిడ్డవే గదా, గా బ్యాగు కింద పెట్టు. మన ఉధ్నా బస్తీల ఆటోలకేం కరువు?

తప్పిందని మాకేం తెల్సు! పిల్ల ఇంటికొచ్చి, "బాపూ, మ్యాథ్స్‌ల ఏటీకేటీ వచ్చింది" అన్నది. నేను ఏడో తరగతి దాక చదివినోన్ని. నాలుగు ఇంగ్లీషు అక్షరాలున్నయంటే పెద్ద డిగ్రీనే అనుకున్న. ఉరికిపోయి దుకాణంల శెనగపిండి ఖమణ్ తెచ్చిన, అప్పుడు కిలో అరవై ఉండెనో డెబ్బయ్యో, ఇప్పటి తీరు గాదు, గల్లీ మొత్తం పంచిన. మీ నాయిన గూడ తిన్నడు, అడుగు. కింది గదిల గుజరాతీ భాయ్ తినుకుంటనే, "అరె, ఏటీకేటీ అంటే తప్పినట్టు, మల్ల రాయాలె" అని నవ్విండు. పిల్ల లోపల్కి పోయి తలుపేసుకున్నది. చదువొద్దు, రింగ్ రోడ్డు మార్కెట్ల చీరలు మడత వెడ్తనన్నది.

ఏమైందే అంటే... సారు మంచోడే, పాపం. బోర్డు దిక్కు తిరిగి రాసుకుంట పోతడట. రాసుడయినంక ఇటు మర్రి, "సమజ్ పడీ?" అంటడట, గుజరాతీల, అర్థమైందా అని. అందరు "హా సర్". ఇది గూడ "హా సర్". "సమజ్ పడ్డది బాపూ, లేస్తలేదు" అన్నది ఏడ్సుకుంట. నాకు నవ్వాగలే. మీ పెద్దమ్మ గంటె వట్టుకొని నా మీదికొచ్చింది.

గడియారమేం జూస్తవ్? వస్తున్న, ఆడికే వస్తున్న.

ఎట్లనో బతిమిలాడి కాలేజీకి తోలినం. మల్ల సెమిస్టర్ల కొత్త మేడమొచ్చింది. గామె సమజ్ పడీ అని ఒక్కనాడు అడగలే. జరంత చెప్పుడు, ఆపుడు. "ఇప్పుడు పక్కనున్నోల్లకు చెప్పున్రి, మీకొచ్చిన భాషల" అనుడు. లావణ్య పక్కకు, గా సచిన్ ఊరి నుంచొచ్చే ఒడియా పిల్ల. ఇది హిందీల మొదలువెట్టె, సగంల ఆగె. "వచ్చనుకున్న బాపూ, చెప్పవోతే రాలే" అన్నది. మేడం బెంచీల నడుమ తిరుక్కుంట, ఏడ ఆగుతున్నరో వినేదట. ఆగిన కాడికెల్లే మల్ల చెప్పేదట. తప్పు చెప్తే తిట్టకపోయేది, "గట్లెందుకనుకున్నవ్?" అనేది. మొదట్ల పిల్లలే లొల్లి జేసిన్రు, సిలబస్ వెనకవడ్తుందని. పడ్డది గూడ, అబద్ధమెందుకు.

ఇంటికొస్తే నేను పక్క పిల్లను! కార్ఖాన నుంచొచ్చి కాళ్లన్న కడుక్కోకముందే, "బాపూ, కూసో" అని నేల మీద చాక్‌పీసుతోని రాసుడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. హా హా అంటే ఊకోదు, "ఏం సమజయింది, చెప్పు మరి!" అంటది. మీ పెద్దమ్మ వంటింట్లకెల్లి ఒకటే నవ్వుడు.

పాసయింది. ఫస్టు గిస్టు ఏం రాలే, పాసు. ఒడియా పిల్ల గూడ. ఆ దినం నేను ఖమణ్‌కు చెప్పులేసుకుంటే, "ఆగు బాపూ, ముందుగాల పాసంటే ఏందో ఎవలనన్న అడుగు" అన్నది, సూడు!

అవు గని, నీ క్లాసుల పిల్ల... ఇయ్యాల వస్తదా?

"వస్తనన్నది పెద్దబాపూ. ఇయ్యాలొక్కటే అన్నది."

మరి ఇంకా గీడ కూసున్నవేంది! లే, లే, బ్యాగందుకో. నీళ్ల సీస మరిచిపోతున్నవ్. నేను చెప్పింది సమజ్ ప... అరె! నా నోట్ల గూడ అదే. అడగ, నేనడగ. మెట్లు దిగుకుంట నువ్వే చెప్పు, నేను పక్క పిల్లననుకో. ఇయ్యాల పాఠమెట్ల మొదలువెడ్తవ్? సల్లంగుండు బిడ్డా, నీ పిల్లలందరు సల్లంగుండాలె, మెల్లగ దిగు, మెట్లు తడున్నయి... ఊఁ... ఊఁ... ఆగాగు, గీడ నాకు సమజ్ కాలే. మల్ల చెప్పు...