కోటేష్ రాసిన సీడీ

"లైనక్సా? నేనెవర్ని? లైన్‌మన్‌ను! లైన్ అన్నది ఏదైనా నా చేతుల మీదికెళ్లే పోవాలె!" అన్నడు కోటేష్, మణుగూరుల నా చాయ్ బండి కాడ బల్ల మీద కాలు మీద కాలేసుకొని.

అక్సా నిలబడే ఉంది. చనిపోయిన వాళ్లమ్మ పాడిన పాట లైనక్స్‌తోని నడిచే అక్సా పాత లాప్‌టాప్‌ల ఉంది. ఆ లాప్‌టాపేమో ఊకె మధ్యల ఆగిపోతున్నది. రేపు చర్చిల అమ్మ జ్ఞాపకార్థ కూటం. అక్కడ పాట సగంల ఆగొద్దు గదా. పాటను సీడీ మీద రాయమని, అంటే ఎక్కియ్యమని అక్సా అడిగితే, చేసిస్తనని లాప్‌టాప్ పట్టుకపోయింది ఈ కోటేషే.

"సీడీ రాసే సాఫ్ట్‌వేర్లు మస్తుంటయ్ చెల్లే, ఒకటి కే త్రీ బీ అంటరు, ఒకటి బ్రసెరో అంటరు, ఏది పట్టాల్నో పెద్ద పెద్దోళ్లకే దిమాక్ ఖరాబైతది, నేనేం చేసిన, రెండూ ఒక్కపాలి నొక్కిన! సీడీ గిర్రున తిరిగింది, ఆ గాలికి మా ఇంట్ల ఫ్యాను తిరిగింది, కరెంటు లేకుండ! ఆ తర్వాత ఏమైందో తెలుసా ధన్‌సింగూ?"

"ఏమైందే?" అన్న నేను, చాయ్ వడపోసుకుంట.

"వాడకట్టంత లైట్లు ఎలిగినయ్! కరెంటు ఎక్కువైంది జర ఆపమని సబ్‌స్టేషనోళ్లు బతిమాలిన్రు. ఆగుతనా? ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తగిలిచ్చిన. ముందు అమ్మ పాట ఎక్కింది, దానెనక గోదారి ఎక్కింది, అడివి ఎక్కింది, అడివిల పులి సుత ఎక్కింది. చెవి పెడితే గాండ్రిస్తున్నది!"

ఇండ్ల సీడీ సంగతేందో, పులి సంగతేందో నాకు సమజ్ గాలే. చాయ్‌ల చక్కెర రెండుసార్లు ఏసిన.

"పులి సంగతి ఇడిసిపెట్టన్నా," అన్నది అక్సా. "అమ్మ పాట ఉందా?"

"ఇగో!" అని సీడీ ఇచ్చిండు. బండి కాడ పాటలు పెట్టే నా సీడీ ప్లేయర్ల పెట్టినం. చప్పుడు లేదు. అక్సా బయటికి తీసి తిప్పి చూసింది. దాని మీద మార్కర్ పెన్నుతోని గుండ్రంగ 'అమ్మ పాట' అని రాసి ఉంది.

"రాయమన్నవ్, రాసిన గదా," అన్నడు కోటేష్ అయోమయంగ.

"మరి పాట ఎక్కిందన్న ఆ హార్డ్ డిస్కు?" అన్నది అక్సా.

"ఎక్స్‌టర్నల్ అంటే బయటిదని బయట పెట్టిన. వాన పడ్డది."

అక్సా మొఖం తెల్లబోయింది. "నా లాప్‌టాప్ సుత బయటనే పెట్టినవా?"

"లే చెల్లే, అది బీరువలనే ఉంది," అని తల గోక్కున్నడు. "ఎట్ల ఆన్ చెయ్యాల్నో తెలువక ముట్టనే లే."

"దేవునికి స్తోత్రం!" అన్నది అక్సా కండ్లు తుడుసుకుంట. "జల్దీ తీస్కరా పో అన్నా. నీకు తెలువకపోవుడే మా అమ్మ పాటను కాపాడింది."