పాత కంప్యూటర్లకి తేలికైనది

పోర్టు రోడ్డు వేబ్రిడ్జిలో పద్దెనిమిదేళ్లు లారీలు తూచిన గుమస్తా, బావమరిది రిపేరు షాపులో తన పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించీసినాను బావ. డెస్క్‌టాప్, అదే స్క్రీన్ మీద కనపడే రూపం, ఏది పెట్టమంటావు? విండోస్ లాగుండేది నీకు అలవాటే."

"వద్దు. మా ఆఫీసులో నాలుగు కంప్యూటర్లకీ నువ్వు పెట్టినావే, అదే పెట్టు."

"అది నీకు పడదన్నావు కదా."

"ఆ స్క్రీన్ నేర్సుకోలేకపోతన్నానని రాసి, మొన్న నన్ను తీసేసినారు."

"నాకు సెప్పలేదేటి? మరిప్పుడు నేర్సుకుని ఏటి సేత్తావు?"

"నాకు నిజంగా రాదో ఏటో తెలియాలి కదా."

"మీ ఆఫీసు పాత కంప్యూటర్లు పారెయ్యక్కర్లేదనే, నాను తేలికైనది ఎంచినాను బావ."

"పారెయ్యలేదు. నాలుగూ అక్కడే పనిసేత్తన్నాయి. పారేసింది నన్నొక్కడినే."