కీమాలో తీపి

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో శనివారం మధ్యాహ్నం. లెవి ఫ్రీజర్ తలుపు మూయడు. వాళ్ళమ్మ జోసఫిన్ ఉల్లిపాయల మీంచి తలెత్తదు.

“లేదు మమ్మీ. కింద అరలో కూడా లేదు. నీలం డబ్బా.”

“చేపల కవర్ కింద చూశావా?”

“రెండుసార్లు చూశా. నువ్వు తీశావా, లేదా?”

“ఫ్రీజరన్నాక సవాలక్ష తీస్తాం, పెడతాం. తలుపెయ్.”

“మరియానా వాళ్ళ అమ్మమ్మ నాలుగింటికల్లా వచ్చేస్తుంది. మొన్న ఆవిడ పంపిందని చెప్పి పెట్టానుగా, ఆ డబ్బా లేకపోతే వంట అవ్వదు.”

“వంటలో వేసేదా అది? పంచదార పట్టిన తెల్ల ముక్క కాదూ?”

“అయితే డబ్బా ఓపెన్ చేశావన్నమాట.”

“మూత వదులుగా ఉంది.”

“మమ్మీ.”

“స్వీటనుకున్నానురా.”

“స్వీటే. కానీ కీమాలో వేస్తారు. ఆ కీమా పెద్ద మిరపకాయల్లో కూరతారు.”

“కీమాలో స్వీటేంటి, దేవా. అసలు ఫ్రెండ్ వాళ్ళ అమ్మమ్మ మనింటికొచ్చి వండడమేంటి? నాకు చేతుల్లేవా?”

“తిన్నాక చెప్తా. నీతో ఒక మాట చెప్పాలి.”

“ఇప్పుడే చెప్పు.”

“తిన్నాక అన్నానుగా. నాకసలే టెన్షన్‌గా ఉంది. అది కాక్టస్ మమ్మీ, పాకం పట్టింది. ఆ మొక్క కొట్టకూడదని మెక్సికోలో బ్యాన్ చేశారు, ఇప్పుడు కొందామన్నా దొరకదు. ఆవిడ పన్నెండేళ్ళుగా దాచుకున్న ఆఖరి ముక్క. మరియానా పెళ్...”

“పెళ్?”

“ఏం లేదు. దేనికో దాచింది. ఎక్కడ పెట్టావ్?”

జోసఫిన్ కత్తి కడిగింది. కడిగిన కత్తినే మళ్ళీ కడిగింది.

“నిన్న మనింట్లో ప్రార్థన కూడిక అయిందిగా.”

“అయితే?”

“ముప్పై మంది వచ్చారు. చిన్న చిన్న ముక్కలు కోసి...”

“పంచేశావా?”

“పాస్టరమ్మగారు రెండు తీసుకున్నారు.”

“మొత్తం?”

“పొడి కూడా మిగల్లేదు. ఇంటికొచ్చిన స్వీట్ పదిమందికీ పెట్టకుండా ఎలా ఉంటాం?”

“నా కొంప ముంచావ్ మమ్మీ. ఆవిడ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? రెండేళ్ళయింది, నీకు చెప్పలేక చస్తున్నా. నువ్వేమంటావో, చర్చిలో వాళ్ళేమంటారో అని భయం. ఇవాళ ధైర్యం చేసి చెబుదామనుకుంటే ఇలా చేశావ్. అసలు వాళ్ళకి ఏమని చెప్పి పంచావ్?”

“ఏమని చెప్తాను? మా కోడలి వాళ్ళ అమ్మమ్మ పంపించారని చెప్పాను.”