ఇద్దర్ని మోయలేవు

కూతురు ఆసుపత్రి నుంచి నేరుగా ఇస్త్రీ దుకాణానికి వచ్చింది. తండ్రి చేతిలో ఇస్త్రీపెట్టె ఆగలేదు. వెనక బల్ల దగ్గర ఆమె అన్న దుప్పట్లు మడుస్తున్నాడు.

“ఏమన్నారు?”

“కడుపులో బిడ్డకు డౌన్ సిండ్రోమేనట, నాన్నా. అన్నయ్యకున్నదే. ఉంచుకుంటానో లేదో త్వరగా చెప్పమన్నారు.”

“చెప్పడానికేముంది? తీయించెయ్.”

“మెల్లగా. అన్నయ్య వింటాడు.”

“విన్నా వాడికేం తెలుస్తుందే?”

“అన్నయ్య బతుక్కేం తక్కువైంది? ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడుగా.”

“వాడు నవ్వుతూనే ఉన్నాడు. మీ అమ్మ ఏడుస్తూనే పోయింది.”

“నేను కడుపులో ఉన్నప్పుడూ ఈ పరీక్ష చేయించారా?”

“చేయించాం.”

“నేనూ అన్నయ్యలాగే ఉంటానని తేలితే?”

“నువ్వు ఉండేదానివి కాదు. మా తర్వాత వాణ్ణి చూసుకోవడానికి ఒక మనిషి కావాలనే నిన్ను కన్నాం. ఇద్దర్ని మోయడం నీ వల్ల కాదు.”

“ఇన్నాళ్ళూ ఆడపిల్ల కావాలని ముచ్చటపడి కన్నారనుకున్నాను.”

తండ్రి ఆమె ముఖంలోకి చూడలేక గోడవైపు చూశాడు. చేయి కదపడం మరిచాడు. పెట్టె కింద చొక్కా కమురు వాసన వేసింది.

కొడుకు పరుగున వచ్చి పెట్టె ఎత్తి నిలబెట్టాడు. వాళ్ళమ్మ నేర్పిన పని అది.

“చూసుకోవాలి నాన్నా, కాలిపోదూ?” అని, చెల్లెలి పొట్ట వైపు చూశాడు.

“తీయించేస్తే పాప ఎక్కడికెళ్తుంది, చెల్లీ?”



“పోయి దుప్పట్లు మడవరా,” అన్నాడు తండ్రి.