బీరప్ప చూసిన మూడో సినిమా

బీరప్ప అని ఒకడుండె. కురుబోళ్ల బీరప్ప. గొర్రెలోడు. గుట్ట మింద గుడిసె, గుడిసె చుట్టూ కంప, ఆ గొర్రెలు, ఆ గాలి, అంతే వాని సంసారం. మాట అనేది వాని నోట్లోనించి వస్తే గొర్రెల్ని అదిలించనీకి రావాల్సిందే. పుట్టినప్పటినుంచీ అట్ల కాదు, వానికీ పెండ్లాం ఉండె, లింగమ్మ అని. కాన్పులోనే పాయె. బిడ్డ మాత్రం బతికె, ఆడబిడ్డ. గొర్రెలెంబడి తిరిగే మొగోడు పాలు తాగే పిల్లను పెట్టుకొని ఏం జేస్తాడు, మీరే చెప్పండి? అప్పుడు ఏమైందంటే, లింగమ్మకు అక్క ఒకామె ఉండె, హనుమక్క అని, కోటగడ్డ టౌనులో కాపరం. ఆయమ్మకు పిల్లల్లేరు. వచ్చి బిడ్డను పొత్తిగుడ్డల్లో ఎత్తుకొని, బీరప్పా నాకిచ్చెయ్, నా కడుపున పుట్టినట్టే సాకుతా, కానీ నా బిడ్డే అని చెప్పుకుంటా, నువ్వు మా గడప తొక్కగూడదు, "నిన్ను చూస్తే దానికి తెలిసిపోతాది, ఆ ముక్కు అచ్చం నీదే" అనెనంట. వీడేమంటాడు, తలకాయ ఊపినాడు. కంబళి మింద చెయ్యేసి మాటిచ్చినాడు. కురుబోడు కంబళి మింద చెయ్యేసి చెప్పినంక ఇంగ మాట తప్పేది ఉండదు గదా. తప్పకుండా ఉండె కూడా, శానా ఏండ్లు.

ఆ బిడ్డ పెరిగి పెద్దదాయె. సుంకులమ్మ అని పేరు పెట్టుకున్నారంట. పెండ్లి ఆయె, మొగుడు లారీ మింద పొయ్యేటోడు, ఎప్పుడో ఇంటికొస్తాడు. ఆ పిల్ల కోటగడ్డలో సినిమా టాకీసు ఎదురుగా పూలంగడి పెట్టుకొనె. ఈ సంగతి బీరప్పకు సంతలో ఎవురో చెప్పినారు. అప్పట్నించి సంతకు పోతే చాలు, దావ మార్చుకొని టాకీసు ముందరికి పోతాడు. పోయి? ఎదురుగ్గా గోడకు ఆనుకొని నిలబడతాడు. అంగట్లోకి పోతే పూలు కొనల్ల గదా, ఎవురికని కొంటాడు? పెండ్లాం ల్యా. గుడికి పొయ్యే అలవాటు ల్యా. గొర్రెకు పెడతాడా పూలు? నగవాకండి, వాని బాధ వానిది. అట్ల నిలబడి, ఆ పిల్ల దారం తెంపేది, నీళ్లు చల్లేది చూసి, పొద్దు వాల్తానే గుట్టకు వచ్చేస్తా ఉండె.

అట్లుండంగా ఒకనాడు ఏమైందంటే, టాకీసు కాడ తిరునాళ్ల మాదిరి జనం. డప్పులు, రంగు కాగితాలు, టాకీసు అంత ఎత్తు బొమ్మ. "నీలిరెక్క" అని సినిమా. ఒక పిల్లోనికి పిడుగు తగిలి వీపున రెక్కలు మొలుస్తాయంట, మొఖానికి గుడ్డ కట్టుకొని ఆపదలో ఉన్నోళ్లను కాపాడతాడంట, వాడు ఎవుడో ఎవురికీ తెలీదంట. అదీ కథ. ఫ్లెక్సీలు కొట్టే ఖాజా అని ఒకాయన ఆ ఫ్యాన్సు సంఘానికి పెద్ద. గోడకానుకొని ఉన్న బీరప్పను చూసి, "ఏం మామా, నువ్వు గూడా నీలిరెక్కోని ఫ్యానా?" అనె. బీరప్పకు ఏమనల్లో తెలీక ఊ అనె. "అట్లయితే పా మామా, ఆ పూలంగట్లో బొమ్మకు దండ కట్టమని చెప్పిండా, పోయి పట్టుకురా పో!" అనె ఖాజా. ఇంగ చూడు! రోడ్డు దాటి పాయె బీరప్ప. "దండంట" అనె. ఆ పిల్ల తలెత్తి, "ఖాజా అన్న దండనా పెద్దాయనా? ఇదో, జాగర్త, తడి కారతాది" అనె. అంతే మాట. ఆ మాటను గుట్ట మిందికి తీసకపోయి ఎన్ని దినాలు నెమరేసినాడో, వాని గొర్రెల్నడగల్ల.

అట్ల సంఘంలో చేరె. గొర్రెలోడు ఫ్యానంట అని జనం నగిరి, నగితే నగనీ. బొమ్మకు దండ కావాలన్నా, హీరో పుట్టినదినానికి పూలు కావాలన్నా, పోస్టరు వచ్చినా, పాట వచ్చినా, యాభై దినాలైనా, "బీరప్ప మామను పంపండ్రా" అంటారు. పూలంగటికి పొయ్యే పని వానిదే. ఇంగోరిని పోనియ్యడు. రెండో సినిమా వచ్చె, దానికీ అట్లే. ఆ పిల్ల గూడా అలవాటుపడి, "రా పెద్దాయనా, నీడకు కూచో, ఇంగా రెండు మూర్లుండాది కట్టేది" అంటా ఉండె. ఆ రెండు మూర్లూ పది మూర్లైతే బాగుండు అని వీనికి. మరి సినిమా మింద పానం ల్యాదా అంటే, ఉండె. ఎందుకుండదు? రెక్కలుండీ ఎవురితో చెప్పుకోలేనోడు, మేడల మింద ఒంటిగా కూచొని ఊరి దీపాల్ని చూసేటోడు. బీరప్ప కూడా గుట్ట మిందినించి అవే దీపాలు చూస్తాడు గదా.

ఇంగ మూడోది వస్తాందని ఖాజా అంగట్లో అందరూ గంతులేస్తా ఉంటే, ఎవుడో "ఇదే ఆఖర్ది, దీంతో కథ ముగింపు" అనె. బీరప్ప ఖాజాను పక్కకు పిల్చి, "ఆఖర్దంటే? మళ్లా రాదా?" అని అడిగె. "రాదు మామా. మూడే. తీసేటాయనే చెప్పినాడు, ఇంగ తీయను అని." "దండలు?" అనె బీరప్ప. ఖాజా నగి, "సినిమా ల్యాకపోతే దండలెక్కడియి మామా" అనె. అందరూ ఆ సినిమా ఎప్పుడొస్తాదా అని కాచుకొనుంటే, బీరప్ప ఒక్కడు రాకపోతే బాగుండని కాచుకొనుండె.

వద్దనుకుంటే ఆగుతాదా? వచ్చె. పొద్దున్నే ఆట. బీరప్ప గొర్రెల్ని పక్క మందోనికి అప్పజెప్పి, తలకు నూనె రాసుకొని, ఉతికిన పంచె కట్టుకొని పాయె. సుంకులమ్మ కట్టింది చూడు దండ, ఇంతవరకు అట్లాటిది కట్టల్యా. బంతిపూలు, నడుమ కనకాంబరాలు, చివర్న మల్లె గుత్తి. మోసేకి మనిషి కావాల. "ఇంగ ఇదే ఆఖరి దండంట గదా పెద్దాయనా" అనె. ఊ అనె. "ఇంగో హీరో సంఘంలో చేరు, పూలకు నువ్వే రా" అని నగె ఆ పిల్ల. వీనికి నగు రాల్యా. దండ భుజానేసుకొని వచ్చి బొమ్మకు ఎక్కించి, టాకీసులోకి పాయె.

లోపల ఊపిరాడని జనం. కాగితాలు చల్లేటోళ్లు, ఈలలేసేటోళ్లు, కుర్చీల మింద ఎగిరేటోళ్లు. సినిమా బాగనే నడిచె. ఆఖరికి ఏమైందంటే, పెద్ద వరద, కట్ట తెగుతాది, ఊరు మునిగేట్టుంటే నీలిరెక్కోడు తన రెక్కలు తెంపి గండికి అడ్డమేసి ఊరిని కాపాడతాడు. రెక్కలు పాయె. మామూలు మనిషాయె. టాకీసంతా లేచి నిలబడి చప్పట్లు. అప్పుడు వాడు, చిన్నప్పుడు తప్పిపోయినోడులే, వాళ్లమ్మ ఉండే ఊరికి పోతాడు. వాకిట్లో నిలబడతాడు. అమ్మ ముసిలిదై ఉంటాది. కొడుకు ఎప్పుడో సచ్చినాడనుకునుంటాది. "ఏ ఊరు నాయనా, ఎండన పడి వచ్చినావు" అని మజ్జిగ ఇస్తాది. వాడు చెంబు పట్టుకొని ఆమెను చూస్తాడు. నోరు తెరుస్తాడు. అప్పుడు మొదలాయె చూడు టాకీసులో. ఒకడు "చెప్పురా!" అని అరిచె. ఆ ఎనకాల ఇంగొకడు "నేనేనమ్మా అను!" అనె. ఆడోళ్ల పక్కనుంచి ఒకామె, "ఆయమ్మ గూడా అడగొచ్చు గదా, ఎవుడువి నువ్వు అని!" అనె. నేల టికెట్టోడు, బెంచీ టికెట్టోడు, అందరూ ఒకటే కేక, "చెప్పు! చెప్పు! చెప్పు!" ఆ కేకలో బీరప్ప ఒక్కడు కూచొనుండె, రెండు చేతులతో కుర్చీ పట్టుకొని. ఆ జనమంతా తన పక్కకు తిరిగి అరస్తాండారా అని బెదురు పుట్టెనంట వానికి. తెర మింద వాడు మజ్జిగ తాగె. చెంబు ఇచ్చె. దండం పెట్టె. దావన పట్టి పోతా పోతా చిన్నగై పాయె. దీపాలు ఎలిగె. అయిపాయె.

మళ్లా ఒక చెప్పు పోయి తెరకు తగిలె. "మోసం! ఇంత చేసి ఎవురికీ తెలీకుండా పంపిస్తారా వాన్ని!" అని ఒకడు. "సచ్చినా బాగుండు, గుడి కట్టిందుము" అని ఇంగొకడు. ఒకడు, లేదులే, నాలుగోది ఉంటాది, నేను చెప్తాండా చూడు, అని ఒట్టు పెట్టుకునె. ఖాజా, అంత మనిషి, మెట్ల మింద కూలబడి పసిపిల్లోని మాదిరి ఏడ్చె. ఏడ్చి ఏడ్చి ఒక్కసారి రోషమొచ్చి, "తియ్యండ్రా ఆ దండ!" అనె. పోరగాండ్లు బొమ్మ మిందికెక్కి దండ పీకి కింద పారేసిరి. నలుగురు తొక్కిరి. బీరప్ప చూసె. ఆ కాళ్ల నడుమ ఒంగి, దండను ఎత్తుకొని, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను భుజానేసుకున్నట్టు ఏసుకొని, రోడ్డు దాటె.

"ఏంది పెద్దాయనా, దండ ఎనక్కి తెచ్చినావు? పూలు బాగలేవన్యారా?" అనె సుంకులమ్మ. "పూలు బాగుండాయి తల్లీ. సినిమా బాగలేదంట." ఏమైందంట అని అడిగె ఆ పిల్ల. వీడు చెప్పె. రెక్కలు పాయె, వాళ్లమ్మ కాడికి పాయె, మజ్జిగ తాగె, చెప్పకుండా వచ్చేసె. "అయ్యో, చెప్పొచ్చు గదా!" అనె ఆ పిల్ల. "నువ్వూ అట్లే అంటావా?" "ఎవురైనా అట్లే అంటారు. తెలీకుండా ఉండేదానికంటే ఏందైనా మేలే గదా." బీరప్ప నిలబడుకొనే ఉండె, దండ దించకుండా. "మీ చిన్నమ్మ ఉండె గదా, లింగమ్మ" అనె. "కాన్పులో సచ్చిపోయినామె. మా అమ్మ చెల్లెలు. నీకెట్ల తెలుసు?" అనె ఆ పిల్ల. "ఆ కాన్పు నువ్వే తల్లీ" అనె బీరప్ప.

ఆ పిల్ల చేతులు ఆగిపాయె. అప్పుడే ఎవురో ఒకామె వచ్చి మూర మల్లెపూలు అడిగె. ఏం జేస్తాది, బేరం బేరమే. మోచేత్తో కొలిచె, తెంపె, ఆకులో సుట్టి ఇచ్చె. ఆమె పోయినంక, బీరప్ప మొఖం పక్క చూసె. ముక్కు చూసిందో ఏమో. "ఇన్నేండ్లు యాడుండావు?" అనె. "గుట్ట మింద." "యా గుట్ట?" "ఆడ కనపడతాదే, అదే." ఆ పిల్ల ఆ దిక్కుకు తిరిగి, "దాన్ని దినామూ చూస్తా నేను" అనె. బీరప్ప చెప్పె, కంబళి మింద చెయ్యేసిందీ, హనుమక్క అడిగిందీ, అంతా. "మా అమ్మతో అన్యావా, నాకు చెప్తానని?" "ల్యా." "అనాకు. ఆయమ్మ తట్టుకోల్యాదు. నన్ను ఎత్తుకొని తిరగని గుడి ల్యాదు ఆయమ్మ, నాకు జరమొస్తే." అని, కొంగుతో మొఖం తుడుచుకొనె. ఏడుపో, పూలకు చల్లిన నీళ్లో. మళ్లా బల్ల కిందినుంచి క్యారేరు తీసె. తన మధ్యాన్నం కూడు అది. మూతలో అన్నం పెట్టి, పప్పు పోసి, "తిను" అనె. అంతకుముందు నోరు తెరిస్తే పెద్దాయనా పెద్దాయనా అనేది గదా, ఆ మాట రాల్యా. నాయనా అని గూడా రాల్యా. ఉత్త "తిను" అనె.

బీరప్ప తినె. ఆ పిల్ల చూస్తా కూచొని, "నన్ను కన్నామె ఎట్లుండేది?" అని అడిగె. "అబద్ధం చెప్పను తల్లీ. మొఖం మర్చిపోయినా. ఎంత తెచ్చుకున్నా రాదు. గొంతు ఒక్కటి గ్యాపకముండాది. గొర్రెల్ని పిలస్తే ఆ గుట్ట నించి ఈ గుట్టకు ఇనపడేది." ఆ పిల్ల ఇంగ కొంచెం అన్నం పెట్టె. పెట్టి, నిదానంగా చెప్పె. "నాకు అమ్మా నాయనా వాళ్లే. ఆయమ్మ ఉన్నన్నాళ్లూ ఇంగోమాట ల్యా. నువ్వు ఇట్ల రావాకు. కోపంతో చెప్పేది కాదు." బీరప్ప తల ఊపె. ఆ పొద్దు హనుమక్కకు ఊపినట్టే. చెయ్యి కడుక్కొని, దండను నీడకు పెట్టి, లేచె.

టాకీసు కాడ ఇంగా కొట్లాడతానే ఉండారు, చెప్పాల్సిండె అని కొందరు, చెప్పకపోవడమే గొప్ప అని కొందరు. ఖాజా ఎర్రటి కండ్లతో, "నువ్వు చెప్పు మామా, నువ్వూ చూసినావు గదా. వాడు చెప్పింటే ఎట్లుండు?" అనె. బీరప్ప ఆలోచన చేసి, "చెప్పినంక ఏమైతాదో అది గూడా తీసింటే తెలిసేదప్పా" అనె. "దానికి ఇంగో సినిమా కావల్ల మామా" అనె ఖాజా. "తీయరంట గదా" అని, బీరప్ప గుట్ట దావ పట్టె.

అంతే. సంఘం పాయె. కొందరు ఇంగో హీరోకు మారిరి, ఖాజా పెండ్లి ఫ్లెక్సీలు కొట్టుకుంటాండాడు. బీరప్ప గుట్ట మిందనే ఉండె, టౌనుకు మళ్లా పోల్యా, ఉన్ని అమ్మాలన్నా ఇంగోని చేత పంపె. ఆ పిల్ల పొద్దున అంగడి తెరిచేటప్పుడు గుట్ట దిక్కు చూస్తాదంట అని చెప్తారు. నేను చూడల్యా, చూడంది చెప్పను. మీరూ ఆ టాకీసులోని జనం మాదిరి, చెప్పల్లనా వద్దా అని నన్నడగాకండి. చెప్పకుండా పోయినోడూ ఒంటిగాడే, చెప్పినోడూ ఒంటిగాడే. కాకపోతే, ఆ సినిమాలోవాడు దావన పొయ్యేటోనికి పోసిన మజ్జిగ తాగె. మా బీరప్ప, బిడ్డ నాయనని తెలిసి పెట్టిన అన్నం తినె. ఒక్క పూటే అనుకో. అయినా రెండూ ఒకటెట్లయితాయి?