సున్నా క్లాసు ఆనందం

కూసో జయపాల్ బావా, ఆ బెంచీ కొస ఊగుతాది, ఇట్ల జరుగు. భీమక్కా, మా బావ కూతురు నిస్సీకి టీలో పాలు ఎక్కువ పోయి. రేపు పొద్దున్నే బెంగుళూరు పోతాండాది పాప, వికలాంగుల పరుగుపందేలకు. పందెం కంటే ముందు డాక్టర్లు ఆ ఎడమచేయి చూసి, ఏ క్లాసులో పరుగెత్తాలో తేలుస్తారంట. దానికే మా బావ మొన్నటినుంచి దిగులు పడతాండాడు. ఎందుకప్పా దిగులు? ఆ క్లాసుల సంగతి వేంపల్లెలో ఈ ఆనందానికి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. నేనూ ఆ బెంగుళూరికే పోయినా. ఈ కుడిచేతి వేళ్లు రెండు శెనక్కాయల మిషన్లో పోయినాయి కదా, ఆ యేడే.

"నువ్వా? ఎప్పుడు?" అనింది భీమక్క టీ వడపోస్తా.

నువ్వింకా ఈ అంగడి పెట్టల్యాలే. ఇను. నంబరు ముందర టి అని ఉంటే పరుగు, ఎఫ్ అని ఉంటే గుండో ఈటో ఇసిరేది. కండ్లు కనపడనోళ్లకు పదకొండు కాడ మొదలు, చేతులు సరిగా లేనోళ్లకు నలభై అయిదు, ఆరు, ఏడు, చక్రాల కుర్చీలోళ్లకు యాభై దాటినాక. ఏ గుంపులోనైనా నంబరు తగ్గేకొద్దీ కష్టం ఎక్కువని లెక్క. ఒకే మాదిరి కష్టమున్నోళ్లు ఒకరితో ఒకరు పోటీ పడాలని అట్ల పెట్టినారు. ఆ కష్టం మరీ తక్కువుంటే, అర్హత లేదని ఎనక్కి పంపిస్తారు.

"అదే కదా నా భయం," అన్యాడు జయపాల్. "పుట్టినప్పుడు పాప చేయి అస్సలు లేసేది కాదు. ఇప్పుడు భుజం దాకా లేస్తాది. ఇంత బాగుందే, ఇంటికి పో అంటే?"

అందుకే చెప్తాండా బావా. వికలాంగుల సర్టిఫికెట్టు ఇచ్చే మన సదరం క్యాంపులో ఏం చేస్తాం? పింఛనుకు పర్సెంటు రావాలని, లేసే చేయి కూడా లేపం కదా. ఆడా అంతే. నన్ను బల్ల మీద కూసోబెట్టి డాక్టరమ్మ చేయి ఎత్తప్పా అనె. నేను తడిగుడ్డ మాదిరి వేలాడేసినా. నలభై ఏడు అనె. నేను ఊరుకుంటానా, భుజం కూడా వదిలేసినా. నలభై ఆరు. మెడ వాల్చినా, నలభై అయిదు. ఆ తర్వాత ఏమైందో తెల్సా? చేతులోళ్ల నంబర్లు అయిపాయె. ఆయమ్మకు కండ్లనిండా నీళ్లు. జర్మనీ నుంచి ఒక పెద్దాయన్ను ఇమానంలో పిలిపించిరి. ఆయన నా చేయి పట్టుకోని, ఇట్లాంటిది నేను యాడా చూడలేదని, ఆడికాడే కొత్త క్లాసు పుట్టించె. సున్నా క్లాసు. లోకం మొత్తం మీద దాంట్లో ఉండేది నేనొక్కన్నే.

"అయితే ఒక్కడివే పరుగెత్తితివా?" అనింది భీమక్క.

ఒక్కన్నే అయినా పోటీ శానా గట్టిది, నా నీడతో. తుపాకీ పేల్చిరి. ఆ సప్పుడు వాళ్ల చెవిన పడేలోపల నేను ఆ కొసన నిలబడుకోని చెమట తుడుచుకుంటాండా. నీడ ఇంకా సగం దూరంలో వస్తాండె. పాపం, దానికోసం కాసేపు కాసుకున్యా. సరే, గుండు కూడా ఎయ్యమనిరి. ఈ చేత్తోనే, ఈ మిగిలిన వేళ్లతోనే ఒక్క ఊపు ఊపినా. పోతాండాది, పోతాండాది, స్టేడియం దాటె, కర్ణాటక దాటె, పులివెందుల మీదుగా వచ్చి గండికోట లోయలో పెన్నేట్లో పడె. ఆ యేడు పెన్నకు నీళ్లొచ్చినాయే, వానకు అనుకుంటిరేమో. కాదప్పా, గుండు పడిన సోట ఊట లేసింది.

"మా పెద్దనాయన మడి ఆ యేడే పండింది," అనింది భీమక్క నవ్వకుండా.

సూసినావా బావా, సాక్ష్యం. కాబట్టి నిస్సీ, రేపు బల్ల మీద ఆ చేయి ఊరికే వేలాడెయ్. మిగతాదంతా అదే జరుగుతాది.

నిస్సీ టీ తాగేసి గలాసు పక్కన పెట్టింది. "మామా, గుండు ఏ చేత్తో ఇసిరినావు?"

ఈ చేత్తోనే అంటి కదమ్మా.

"బల్ల మీద సచ్చుబడింది కూడా అదే చేయి కదా. ఆ డాక్టర్లు బల్ల కాడ చూసి ఇంటికి పోరు మామా. పందెంలో కూడా పక్కన కూసోని చూస్తారు. బల్ల మీద వేలాడిన చేయి పరుగులో ఊగితే, మోసమని ఏండ్ల తరబడి ఆడనియ్యరు. నీ గుండు గండికోటకు పోతాంటే వాళ్లంతా యాడికి పోయిండిరి?"

వాళ్లా... వాళ్లప్పుడు భోజనానికి పోయిండిరి.

భీమక్క ఈసారి నవ్వు ఆపుకోలేకపాయె. జయపాల్ మాత్రం నవ్వల్యా. "నిజంగా ఎత్తి చూపిస్తే, అర్హత లేదంటారేమో పాపా. అప్పుడేం చేస్తావు?"

"నాయనా, ఈ చేయి ఇంత పైకి రావాలని అమ్మ దినామూ నూనె పెట్టి రుద్దె. నేను ఏడ్చినా వదిలిపెట్టల్యా. రాదని నేనెట్ల చెప్పేది? ఎంత లేస్తే అంత ఎత్తుతా. కష్టం చాలదంటే, మామూలు పిల్లోళ్లతోనే పరుగెత్తుతా."

జయపాల్ కూతురి ఎడమచేయి తన చేతిలోకి తీసుకున్యాడు.

"అయితే ఎత్తు తల్లీ," అన్యాడు. "బాగా పైకి ఎత్తు."