జలాలుద్దీన్ రంగు నీళ్లు

ఏంది బిడ్డ, గా సీసల నీలం రంగుది? తాగేదేనా? థూ... మా జలాలుద్దీన్ ఉంటే మస్తు సంబురపడుతుండె. నువ్వెరుగవు తియ్, మీ నాయిన గూడ పుట్టలె అప్పటికి. గోదావరిఖనిల బొగ్గు వ్యాగన్లు నింపేకాడ సోడాబండి ఆయినది. రంగుల పిచ్చోడు. మజ్జిగల కొత్తిమీర రసం కలిపేది, ఒకపారైతే ఛాయిల మోదుగుపూలు ఉడకేసిండు! "అన్నా, పొద్దుందాక నల్లగనే సూస్తివి, నల్లగనే ఉమ్మితివి, జర నోట్లకన్న రంగు పోనియ్యి" అనేటోడు. మీ నాయినమ్మ "గిది మజ్జిగనా, బర్రె నెమరేసిందా" అని గిలాస ఇసిరికొట్టింది. అల్లనేరేడు షర్బతు మాత్రం మాకు పోసేటోడు కాదు. గది ఒక్క కాంట్రాక్టరు బంగ్లకే పోవాలె. ఆయిన హుకుం.

ఇగ రోహిణి ఎండలు. మాకు తాగ నీళ్లు లేవు. ఒక్క డ్రమ్ము పెట్టయ్యా అంటే కాంట్రాక్టరు ఇనడాయె. సమ్మె జేసినం. మా లీడరు మొగిలి, అబ్బో, ఏం మాటలనుకున్నవ్! "కార్మికుని చెమట చుక్కే రేపటి నిప్పురవ్వ!" గొంతెండుకపోతాంటే చప్పట్లు కొట్టినం. గాయినే జలాలుద్దీన్‌ను పిలిచి, "ఇయ్యాల్టి సంది ఎర్రసోడనే అమ్ము. మనోడెవడో ద్రోహెవడో నాలుకే చెప్తది" అన్నడు. రోజూ నిలవెట్టి నాలుకలు సూసుడే. దవాఖానల డాక్టరు గూడ గన్ని నాలుకలు సూసి ఉండడు. సదయ్యకు సోడా పడది, కడుపుల మంట. నాలుక తెల్లగున్నదని అంగి చింపిర్రు పాపం. జలాలుద్దీన్ మొకం మాడిపోయింది. "నవ్వెతందుకు ఏసిన రంగు భై, కొట్టెతందుకు గాదు" అన్నడు.

ఒకనాడు మొగిలి కాంట్రాక్టరు బంగ్లల మాట్లాడొచ్చి, "గెలిచినం! రేపు డ్యూటీ ఎక్కుర్రి" అన్నడు. మరి నీళ్ల డ్రమ్మో అంటే, "గది రెండో విడత పోరాటం" అన్నడు. గప్పుడు లేసిండు జలాలుద్దీన్. "లీడర్‌సాబ్, జర నాలుక సూపెట్టుర్రి." మంది గొల్లున నవ్విర్రు. మొగిలి నోరు మూసుకుంటే అయిపోతుండె, మూసుకుంటే మొగిలెట్లయితడు? "నన్నే అడుగుతవురా!" అని తెరిసిండు. ఊదా! నిండు ఊదా! బంగ్ల షర్బతు!

తెల్లారి బండి లేదు. పలగ్గొట్టిన సీసల ఎర్ర పెంకులు, పచ్చ పెంకులు, ఎండల మెరుసుకుంట. కాసిపేట దిక్కు పోయిండన్నరు, మళ్ల కానరాలె. మేమా? ఏం జేసినం, డ్యూటీ ఎక్కినం. డ్రమ్మా? వచ్చింది వచ్చింది. ఎర్ర రంగేసి, మొగిలి పేరు రాసి, దండేసి మరీ పెట్టిర్రు. డ్రమ్ముకున్న నల్ల తిప్పితే... ఆఁ, ఒక్క సుక్క రాలె.

గా నీలంది అవుతల పెట్టు బిడ్డ. కుండల నీళ్లు ముంచుకరా పో.